మిరప చేలో నాలుగింటికి లేచే పిల్లోడు బళ్ళో ఎందుకు నిద్రపోతన్నాడు?

2025 ఫిబ్రవరి. కారంపూడి అవతల ఒక మిరప కల్లం. పదో తరగతి పిల్లోళ్లలో బడికి రానోళ్ల పేర్లు రాసుకొని మేం నలుగురం ఇల్లిల్లూ తిరగతన్నాం. మార్చి 17 నుంచి పరీక్షలు. ఒకింటికి పోతే తాళం. "ఆళ్లంతా కల్లం కాడున్నారు, తెల్లారగట్లే పోయారు" అని పక్కింటామె చెప్పింది. పోయి చూస్తే మనోడు కాయల రాశి ముందు కూచొని తాలుకాయలు ఏరతన్నాడు.

"ఎన్నింటికి లేచావురా?"

"నాలుగింటికన్నా."

"బడికి తొమ్మిదింటికి రమ్మంటే రాలేవంట గదా?"

నవ్వాడు. ఏరటం ఆపకుండానే అడిగాడు. "అన్నా, ఒకటి చెప్పు. సైన్ తీటా మాకు యాడ పనికొత్తది?"

నేనూ నవ్వి, "ముందు పరీక్ష రాయరా, తర్వాత చూద్దాం" అని తప్పించుకున్నా. నిజం ఏందంటే నాకు జవాబు తెలీదు. నేను ఇంటర్ మధ్యలో మానేసినోణ్ణి. తర్వాత చదివిందంతా లైబ్రరీలో కూచొని, మీటింగుల్లో విని, జనాన్ని అడిగి నేర్చుకున్నదే. సైన్ తీటా నేనూ బట్టీ పట్టి మర్చిపోయినోణ్ణే. తెలీని జవాబు కోసం ఆ పిల్లోణ్ణి బడికి రమ్మని బతిమాలతన్నా.

ఆ సాయంత్రం వాళ్ల సారును కలిశా. మంచి మనిషి. "వస్తే వెనక బెంచీలో నిద్రపోతాడండీ. లేపితే ఎదురు చెప్తాడు. కొట్టడానికి లేదు, తిట్టడానికి లేదు. మమ్మల్ని ఏం చెయ్యమంటారు?" అన్నాడు. ఆయన మాటలో కోపం కంటే నీరసం ఎక్కువుంది.

సరిగ్గా తర్వాత నెల్లో, 2025 మార్చిలో, రాష్ట్రమంతా ఒక వీడియో తిరిగింది. మీరూ చూసే ఉంటారు. విజయనగరం జిల్లా బొబ్బిలి మండలం పెంట జిల్లా పరిషత్ హైస్కూల్ హెడ్మాస్టరు పిల్లల ముందు సాష్టాంగపడి, చెవులు పట్టుకొని గుంజీళ్లు తీశాడు. పిల్లలు చదవట్లేదు, రాయలేకపోతన్నారు, మేం కొట్టలేం, తిట్టలేం, అందుకే నన్ను నేనే శిక్షించుకుంటన్నా అని ఆయన బాధ. మంత్రి నారా లోకేశ్ కూడా ఆ వీడియో చూసి, దండించకుండా తనను తాను శిక్షించుకున్న ఆలోచనను మెచ్చుకున్నారు.

నా ఫోన్లోకి ఆ వీడియో పది గ్రూపుల నుంచి వచ్చింది. అన్నింటి కిందా ఒకటే మాట: "బెత్తం తీసేశారు, పిల్లలు చెడిపోయారు." నాకు మాత్రం కల్లంలో కూచున్న పిల్లోడే గుర్తొచ్చాడు. నాలుగింటికి లేచేవాడికి క్రమశిక్షణ లేదని ఎట్టా అంటాం?

బెత్తం సంగతి ముందు తేల్చుకుందాం

మన ఊళ్లల్లో రచ్చబండ మీద కూచున్న ప్రతి పెద్దాయనా చెప్పే మాటే ఇది: "మా రోజుల్లో అయ్యోరు కొడితే ఇంటికొచ్చి చెప్పేవాళ్లం కాదు. చెప్తే నాన్న ఇంకో నాలుగు తగిలించేవాడు. అందుకే బాగుపడ్డాం."

మన తాతల వీధిబళ్లలో కోదండం వేసేవాళ్లు, గోడకుర్చీ వేయించేవాళ్లు, తొడపాశం పెట్టేవాళ్లు. మా కాలానికి బెత్తం, డస్టరు మిగిలినాయి. నా వీపు మీదా పడ్డాయి. కానీ ఒక లెక్క చెప్తా. నేను ఆరో తరగతిలో చేరినప్పుడు మా క్లాసులో యాభై మందికి పైగా ఉన్నాం. పదో తరగతి పరీక్ష రాసింది ఇరవై మందిమి కూడా కాదు. మిగతా వాళ్లు యాడికి పోయారు? కొంతమంది ఇంట్లో గడవక పోయారు. కొంతమంది మాత్రం దెబ్బలకే పోయారు. ఎక్కం రాక ఒకసారి, అప్పజెప్పలేక ఒకసారి దెబ్బలు తిని, మూడోసారికి గొర్రెల వెనకాల పోయారు. "బెత్తంతోనే బాగుపడ్డాం" అని ఈ రోజు చెప్పేది ఆ మిగిలిన ఇరవై మందే. వెళ్లిపోయిన ముప్పై మందిని ఎవరూ అడగలా.

చట్టం కూడా నిన్న మొన్న వచ్చింది కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2002 ఫిబ్రవరిలోనే 16వ నంబరు జీవోతో బళ్లల్లో దండన నిషేధించారు. తర్వాత 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ కొట్టడాన్నే కాదు, మనసు గాయపడేట్టు వేధించడాన్ని కూడా నిషేధించింది. అది 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. కాబట్టి బెత్తం మళ్లీ తెద్దాం అనే మాట చట్టం ముందూ నిలవదు, న్యాయం ముందూ నిలవదు. ఇంకో సంగతి. బెత్తం పడేది అందరి మీదా ఒకేలా కాదు. సర్పంచి కొడుకు మీద పడే దెబ్బకూ, కూలోళ్ల పిల్లోడి మీద పడే దెబ్బకూ తేడా ఉంటదని మన పల్నాడులో పుట్టినోళ్లకి చెప్పాల్సిన పన్లేదు.

అయితే సారు బాధలో నిజం లేదా? ఉంది. బెత్తం తీసేసినోళ్లు దాని స్థానంలో ఏం పెట్టాలో చెప్పలా. పిల్లోడితో కూచొని మాట్లాడటానికి సారుకు టైం ఇచ్చారా? 2022 ఆగస్టు నుంచి సార్ల హాజరుకే ఫోన్లో మొహం చూపించే యాప్ వచ్చింది. దానికి తోడు భోజనం ఫొటో, 2024 దాకా మరుగుదొడ్డి ఫొటో, పుస్తకాల లెక్క. ఒక సారు నాతో అన్నాడు, "పిల్లల మొహాల కంటే ఫోన్ మొహమే ఎక్కువ చూస్తన్నా" అని. ఇట్టాంటి చోట పిల్లోడు నిద్రపోతే లేపే వాడెవడు, ఎందుకు నిద్రొస్తందో అడిగే వాడెవడు?

కల్లంలో ఉన్న బుద్ధి బళ్ళో యాడికి పోద్ది?

కల్లంలో ఆ పిల్లోణ్ణి ఎవరూ కొట్టట్లా. మరి ఎందుకు లేస్తన్నాడు? నాకు నాలుగు కారణాలు కనపడినాయి. ఒకటి, చేసే పని ఎందుకో వాడికి తెలుసు. తాలుకాయ కలిస్తే గుంటూరు యార్డులో రేటు పడిపోద్ది. రెండు, పని వాడికి వచ్చు. మూడు, తప్పు చేస్తే పక్కనున్న అమ్మ అప్పుడే చెప్పుద్ది, దిద్దుకుంటాడు. నాలుగు, సాయంత్రానికి ఎంత పని అయిందో కంటికి కనపడుద్ది. ఇంట్లో వాళ్లకు వాడు కావాలి.

ఇప్పుడు బళ్ళోకి రండి. చెప్పేది ఎందుకో తెలీదు. తెలుగు పేరా గడగడా చదవలేనోడు పదో తరగతి ఫిజిక్స్ వినాలి. తప్పు ఎక్కడో చెప్పేవాడు లేడు, మార్కు మాత్రం వస్తది. వాడు రాకపోయినా ఎవరి పనీ ఆగదు. రోజుకు ఆరు గంటలు అర్థంకాని మాటలు వినమంటే మీరైనా నేనైనా ఏం చేస్తాం? నిద్రపోతాం. లేకపోతే అల్లరి చేస్తాం.

వాడొక్కడే అట్టా ఉన్నాడనుకుంటే పొరపాటు. ప్రథమ్ సంస్థ వాళ్లు దేశంలో పల్లెటూళ్లు తిరిగి చేసే అసర్ సర్వే ఉంది. 2023లో 14 నుంచి 18 ఏళ్ల వాళ్లను పరీక్షిస్తే, నలుగురిలో ఒకరు సొంత భాషలో రెండో తరగతి పాఠం కూడా తడుముకోకుండా చదవలేకపోయారు. మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగింది వందలో 43 మందే. ఇది ఫోన్లో రీల్స్ చేయగలిగిన వయసు వాళ్ల సంగతి. వాళ్లకు తెలివి లేక కాదు. మూడో తరగతిలో ఆగిన చోట ఎవరూ ఆగి చూడకుండా, ఏడాదికో మెట్టు ఎక్కించుకుంటా పోయారు.

మనమేమో ఏప్రిల్‌లో వచ్చే శాతం చూసి సంబరమో ఏడుపో మొదలుపెడతాం. మన రాష్ట్రంలో పదో తరగతి పాసైన వాళ్లు 2022లో 67.26 శాతం, 2023లో 72.26, 2024లో 86.69, 2025లో 81.14. 2022లో పడిపోవడానికి కారణం తెలిసిందే. 2020, 2021లో కరోనా వల్ల పరీక్షల్లేకుండా అందర్నీ పాస్ చేశారు, ఆ రెండేళ్లూ బడి సరిగ్గా జరగలా. సరే, మరి రెండేళ్లలో 19 శాతం పెరిగితే పిల్లలంతా ఒక్కసారిగా బుద్ధిమంతులైపోయినట్టా? మళ్లీ 5 శాతం తగ్గితే చెడిపోయినట్టా? ఆ శాతం పిల్లోడు పరీక్ష దాటాడా లేదా చెప్పుద్ది. వాడికి ఏం వచ్చో చెప్పదు.

పుస్తకంలో ఉన్నదే ఊళ్లోనూ ఉంది

"బళ్ళో చెప్పేదేదీ పనికిరాదు" అని మన కుర్రోళ్లు తేలిగ్గా అనేస్తారు. నేను ఒప్పుకోను. పనికొచ్చేది పుస్తకంలో ఉంది. దాన్ని ఊరితో కలిపి చెప్పేవాళ్లే తక్కువ.

పిడుగురాళ్ల సంగతి తీసుకోండి. సున్నం బట్టీల ఊరు. ఆ బట్టీల్లో పని చేసే వాళ్ల పిల్లలు పదో తరగతి సైన్సులో కాల్షియం కార్బొనేట్‌ను వేడి చేస్తే కాల్షియం ఆక్సైడ్, కార్బన్ డయాక్సైడ్ వస్తాయని సమీకరణం బట్టీ పడతారు. అది వాళ్ల నాయన రోజూ చేసే పనేనని వాళ్లలో ఎంతమందికి చెప్పారు? మేలైన సున్నపురాయి 100 కేజీలు కాలిస్తే దిగేది 56 కేజీల సున్నం. మిగతా 44 కేజీలు గాలైపోద్ది. పుస్తకంలో ఉన్న అణుభారాలు కూడితే వచ్చే లెక్క ఇదే. ఆ సున్నం మీద నీళ్లు పోస్తే ఎందుకు కుతకుతా ఉడుకుద్దో, చేతులు ఎందుకు పొక్కుతాయో, ఆ పొగ దగ్గర ఊపిరి ఎందుకు ఆడదో అదే పాఠంలో ఉంది. ఒక్కసారి బట్టీ చూపించి చెప్తే ఆ పిల్లోడికి సమీకరణం మర్చిపోదామన్నా మరుపు రాదు.

వడ్డీ సంగతి. ఎనిమిదో తరగతిలో చక్రవడ్డీ ఉంది. మన ఊళ్లో "నూటికి రెండు రూపాయలేలే" అని తేలిగ్గా చెప్తారు. నెలకు రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. లక్ష తెచ్చి, ఏడాదికోసారి వడ్డీని అసల్లో కలిపి నోటు తిరగరాస్తా పోతే మూడేళ్లకు 1,90,662 రూపాయలు. దాదాపు రెట్టింపు. 2021-22లో నల్ల తామర పురుగు మిరప తోటల్ని ఊడ్చేసినప్పుడు మన జిల్లాలో ఎన్ని ఇళ్లల్లో ఈ లెక్క నడిచిందో మీకు తెలుసు. ఇంట్లో ఎనిమిది చదివే పిల్లుంది, పుస్తకంలో సూత్రం ఉంది, నోటు మీద సంతకం పెట్టే నాయనున్నాడు. ముగ్గురూ ఒకే ఇంట్లో ఉన్నా ఒకరికొకరు తెలీనట్టే.

పురుగుమందు డబ్బా సంగతి. డబ్బా మీద వంకరగా నిలబెట్టిన చతురస్రం ఉంటది, దాని కింది సగానికి రంగు ఉంటది. ఎరుపైతే అతి ప్రమాదకరమైన విషం. తర్వాత పసుపు, ఆ తర్వాత నీలం, అన్నిటికంటే తక్కువ ఆకుపచ్చ. చదువు రానోళ్లకు కూడా తెలియాలనే ఆ రంగులు పెట్టారు. మొహానికి గుడ్డ కూడా కట్టుకోకుండా మందు కొట్టే మన వాళ్లకు అది ఎవరు చెప్పారు? అమ్మే కొట్టోడు చెప్పడు. బడిలో చెప్తే పిల్లోడు ఇంట్లో చెప్తాడు. ఈ ఒక్క పాఠంతో ప్రాణాలు నిలబడతాయి.

"పనికొచ్చే చదువు" అనే మాటలో ఒక ఉచ్చుంది

ఇంతవరకు చదివి కొంతమంది పెద్దలు తలూపతా ఉంటారు. "అదీ మాట! రైతు బిడ్డకు వ్యవసాయం నేర్పండి, బట్టీ వాడి బిడ్డకు బట్టీ పని నేర్పండి, ఈ సైన్లు కాస్‌లు ఎందుకు?" అంటారు. ఆగండి. నేను చెప్పేది అది కాదు.

ఈ మాట ఇంతకుముందు ఒకాయన అన్నాడు. 1953లో మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రి రాజాజీ, పల్లెటూరి ప్రాథమిక బళ్లల్లో చదువును రోజుకు మూడు గంటలకు తగ్గించి, మిగతా పూట పిల్లలు తల్లిదండ్రుల పని నేర్చుకోవాలని పథకం పెట్టాడు. అప్పటికి మన పల్నాడు కూడా మద్రాసు రాష్ట్రంలోనే ఉంది. అదే ఏడాది అక్టోబర్ 1నే ఆంధ్ర రాష్ట్రం విడిపోయింది. వినడానికి ఆ పథకం బాగానే ఉంటది. కానీ తండ్రి పని అంటే మన దేశంలో కులం పనే గదా! చాకలి బిడ్డకు రేవు, మాదిగ బిడ్డకు తోలు, కమ్మరి బిడ్డకు కొలిమి. పెరియార్, ద్రావిడ ఉద్యమం వాళ్లు దాన్ని కులవిద్య అని పేరు పెట్టి ఎదిరించారు. 1954లో రాజాజీ దిగిపోయాడు, తర్వాత వచ్చిన కామరాజ్ ఆ పథకాన్ని ఎత్తేశాడు.

మన జిల్లాలోనే చూడండి. గుర్రం జాషువా 1895లో వినుకొండలో పుట్టాడు. అంటరానితనం ఆయన్ని బడి దాకా వెంటాడింది. అయినా చదివి, పంతులుగా చేసి, 1941లో 'గబ్బిలం' రాశాడు. "నీకు పనికొచ్చేది ఇదే" అని ఊరి పెద్దలు తేల్చిన పని దగ్గరే ఆయన ఆగి ఉంటే మన భాషకు జాషువా ఉండేవాడు కాదు. ఎవరికి ఏ చదువు పనికొస్తదో ముందే తేల్చే హక్కు ఎవరికీ లేదు. కార్పొరేట్ కాలేజీలో కలెక్టరు గారబ్బాయికి ఏ లెక్కలు చెప్తారో, మాచర్లలో కూలోళ్ల అమ్మాయికీ అవే చెప్పాలి. చెప్పేటప్పుడు మొదలుపెట్టే చోటు వాళ్ల వాళ్ల ఊరు కావచ్చు. మిరప చేను దగ్గర మొదలుపెట్టాలి గానీ మిరప చేలోనే ఆపెయ్యకూడదు.

ఆడపిల్లల విషయంలో ఈ ఉచ్చు ఇంకా గట్టిది. అదే ఫిబ్రవరిలో ఒక అమ్మాయి నన్ను పక్కకు పిలిచి, "అన్నా, నేను ఫెయిలైతే చదువు చాలని పెళ్లి చేత్తారు. పాసైతే ఇంకో రెండేళ్లు ఆగుతారు" అంది. ఆ పిల్లకు చదువు ఎందుకు పనికొస్తదో ఎవరూ చెప్పక్కర్లా. పద్దెనిమిది నిండకుండా పెళ్లి చేస్తే నేరమని చట్టం ఉంది, 1098కి ఫోన్ చేయొచ్చు. కానీ ఆ పిల్ల నమ్ముకుంది మాత్రం పరీక్ష మార్కులనే.

మన చేలల్లో పడుకునే పిల్లోళ్లు

ఇంకో సంగతి మనం చూసీ చూడనట్టు వదిలేస్తన్నాం. జనవరి వస్తే కర్నూలు జిల్లా ఆదోని, కోసిగి, పత్తికొండ వైపు నుంచి మన చేలకు మిరప కోతలకు ముఠాలు దిగుతాయి. చేల గట్ల మీద పట్టాలు కట్టుకొని ఏప్రిల్ దాకా ఉంటారు. వాళ్లతో పాటు పిల్లలూ ఉంటారు. ఆ పిల్లల పేర్లు అక్కడి బడి రిజిస్టర్లలో ఉంటాయి, మనుషులు మన గట్ల మీద ఉంటారు.

2024 పదో తరగతి ఫలితాల్లో రాష్ట్రంలో ఆఖరి స్థానం కర్నూలు జిల్లాది, 62.47 శాతం. వలస ఒక్కటే కారణమని నేననను. కానీ ఆ శాతంలో కొంత మన మిరప చేలల్లో ఉంది. ఆ పిల్లలకు క్రమశిక్షణ లేదని ఏ హెడ్మాస్టరు గుంజీళ్లు తీస్తే ఏం లాభం? పరీక్ష మార్చిలో, కోతలు మార్చిలో. ఇంట్లో రెండు చేతులు పెరిగితే పూట గడుస్తది.

ప్రభుత్వాలు డబ్బులిస్తన్నాయి, కాదనను. 2020లో అమ్మ ఒడి వచ్చింది, 75 శాతం హాజరు ఉండాలన్నారు. 2025 జూన్‌లో తల్లికి వందనం వచ్చింది. తల్లి ఖాతాలో పిల్లకు 13,000, బడి నిర్వహణకు 2,000. ఇంట్లో ఎంతమంది చదివితే అంతమందికీ ఇస్తన్నారు. పేదింటికి అది పెద్ద డబ్బే. కానీ ఆ డబ్బు పిల్లోడి పేరును రిజిస్టర్ దాకా తెస్తది, వాణ్ణి క్లాసులో మేలుకోబెట్టలేదు. అది బడి చెయ్యాల్సిన పని.

ఏం చెయ్యాలంటే

ఊరికే తిట్టి పోతే లాభం లేదు. నాకు తోచింది చెప్తా.

ఒకటి. రోజూ మొదటి గంట తరగతితో పని లేకుండా, ఎవరికి ఎంతవరకు వచ్చో అక్కడి నుంచి చదవడం, రాయడం, కూడికలు, భాగాహారాలు నేర్పాలి. తొమ్మిదోవాడు ఐదోవాడి పక్కన కూచుంటే సిగ్గేం కాదు. ఏమీ రాకుండా పదిలోకి పోవటమే సిగ్గు, అదీ వాడిది కాదు, మనది. 2025లో మెగా డీఎస్సీ అని 16,347 పోస్టులు ప్రకటించారు. కొత్తగా వచ్చిన అక్కలకు, అన్నలకు ఈ గంటే మొదటి పని కావాలి, యాప్‌లు తర్వాత.

రెండు. శనివారం నో బ్యాగ్ డే అంటన్నారు. ఆ రోజును ఆటపాటలతో పాటు ఊరి పాఠానికి వాడాలి. ఒక వారం నోటు లెక్క, ఒక వారం మందు డబ్బా, ఒక వారం బట్టీ, ఒక వారం బోరు నీళ్లల్లో ఫ్లోరైడ్ పరీక్ష, ఒక వారం పట్టాదారు పాసుపుస్తకం. దుర్గిలో రాతి మీద శిల్పం చెక్కే వాళ్లున్నారు, వాళ్లను బడికి పిలిచి కొలతలు చెప్పించాలి. మన ఊళ్లల్లో పంతుళ్లు కానోళ్లలో కూడా గురువులున్నారు.

మూడు. కోతల కాలంలో వలస పిల్లలకు వాళ్ల ఊళ్లోనే సీజనల్ హాస్టళ్లు సరిగ్గా నడపాలి. మన దగ్గరకు వచ్చిన పిల్లల్ని ఏ బడిలోనైనా ఆ మూడు నెలలు కూచోబెట్టి అన్నం పెట్టాలి. మన పిల్లలు పోగొట్టుకున్న రోజులకు సాయంత్రం క్లాసులు పెట్టాలి.

నాలుగు. క్రమశిక్షణ అనేది పిల్లలకే కాదు. క్లాసు నియమాలు పిల్లలతో కూచొని రాయాలి, అవి సార్లకూ వర్తించాలి. సారు టైముకు వస్తే, క్లాసులో ఫోన్ పక్కన పెడితే, ఆలస్యంగా వచ్చినోణ్ణి "ఎందుకు లేటయింది నాయనా" అని ముందు అడిగితే, సగం గొడవ ఉండదు.

అయిదు, ఇది చదివే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీకు. పది తర్వాత దారులు పిల్లలకు తెలీదు, వాళ్ల అమ్మానాన్నలకు అసలు తెలీదు. ట్రిపుల్ ఐటీల్లో పదో తరగతి మార్కుల మీదే సీట్లిస్తారు, సర్కారు బడి పిల్లలకు 4 శాతం కలుపుతారు. విజయపురి సౌత్‌లో ఏపీ రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీ ఉంది, ప్రవేశ పరీక్ష రాయాలి. పాలిసెట్ ఉంది, ఐటీఐలున్నాయి. తప్పినోళ్లకు సప్లిమెంటరీ ఉంది, అదీ కాకపోతే ఓపెన్ స్కూల్ ఉంది. మీ వీధిలో ఒక్క పిల్లకు ఈ సంగతి చెప్పి, అప్లికేషన్ పెట్టించండి. రీల్ చూసే టైములో అయిపోయే పని.

ఇక ఆ పిల్లోడి ప్రశ్న. మార్చిలో లెక్కల్లో తప్పాడు. మేలో సప్లిమెంటరీకి పోలా. కానీ వాడి ప్రశ్న మాత్రం నన్ను వదల్లా. సర్వే పని తెలిసిన ఒక మిత్రుణ్ణి అడిగి, నేర్చుకొని, వర్షాలు పడ్డాక వాళ్లింటికి మళ్లీ పోయా. 2020 డిసెంబర్‌లో భూముల రీసర్వే మొదలైన కాడ నుంచి వాళ్లకు పక్క పొలం వాళ్లతో గట్టు గొడవుంది. మూడు మూలల చెక్క అది.

మట్టిలో పుల్లతో గీశా. "ఒక మూల నుంచి రెండు గట్లు పోతన్నాయిరా. ఒకటి 100 గజాలు, ఒకటి 96 గజాలు. రెండూ గుణించి, సగం చేసి, ఆ మూల సైన్‌తో గుణిస్తే చెక్క విస్తీర్ణం. మూల 90 డిగ్రీలైతే సైన్ 1. అంటే 4,800 చదరపు గజాలు, ఎకరానికి సెంటు తక్కువ. అవే గట్లు, మూల 30 డిగ్రీలైతే సైన్ అర. 2,400 గజాలు, అర ఎకరం కూడా నిండదు. గట్ల పొడుగు ఒక్కటే కొలిచి నీకు సరిపోయిందంటే నమ్మమాక. మూల కొలవమను."

వాళ్ల నాయన కూడా వచ్చి వంగి చూశాడు. పిల్లోడు కాసేపు ఆ గీతలు చూసి, "ఇదేనా సైన్ తీటా? ఇది బళ్ళో ఎవురూ చెప్పలేదేందన్నా?" అన్నాడు.

ఈసారి కూడా నా దగ్గర జవాబు లేదు. ఓపెన్ స్కూల్ ఫారం తెచ్చి పెట్టా. ఇంకా నింపలేదు. వచ్చే వారం పోయి మళ్లీ అడుగుతా. జనవరి వస్తే కోతలు మొదలవుతాయి, ఆలోపే నింపించాలి. మీ ఊళ్లో కూడా ఇట్టాంటోడు ఒకడుంటాడు. వాడికి బుద్ధి లేదని అనేముందు, పొద్దున ఎన్నింటికి లేచాడో ఒకసారి అడగండి.